మబ్బు పడితే దాక్కునే నక్షత్రం

మా బావకు తెలియని విషయం లేదు. ఈ మాట నేనన్నది కాదు, ఆయన నిలబడే తీరు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆయన మా అక్క మొగుడు. నక్షత్రశాలలో ఆకాశం గురించి చెప్పే ఉపన్యాసకుడు. నేనూ అక్కడే టికెట్లిస్తాను. షో మొదలయ్యాక తలుపు దగ్గర నిలబడి లైట్లు ఆర్పడం, వెయ్యడం కూడా నా పనే. అంటే ఇంట్లో మరదల్ని, అక్కడ ఆయన కింద పనిచేసేదాన్ని. ఇంట్లో నేనన్న మాటలన్నిటికీ అక్కడ పగ తీర్చుకోవచ్చు గానీ, పాపం, ఆ విద్య ఒక్కటీ ఆయనకు రాదు.

'తెలీదు' అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. దారిన పోయేవాళ్ళు ఫలానా వీధి ఎక్కడండీ అని అడిగితే చాలు, చెయ్యి చాచి, కుడి అని, ఎడమ అని, మళ్ళీ కుడి అని చెప్పి పంపేవాడు. ఆ వీధి పేరు ఆయన అప్పుడే మొదటిసారి విని ఉంటాడు. అడిగినవాళ్ళు చెమటలు కక్కుకుంటూ తిరిగి తిరిగి మళ్ళీ మా గుమ్మం ముందుకే వచ్చేవాళ్ళు. అప్పుడు బావ లోపలికి జారుకునేవాడు, మంచినీళ్ళిచ్చి సర్దిచెప్పడం అక్క వంతు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అక్క అడిగితే సముద్రంలో ఉప్పెలా చేరిందో మొదలుపెట్టేవాడు. ఆ కథ ముగిసేసరికి కూర చల్లారిపోయేది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆకాశం సంగతికి వస్తే ఆయనకు నిజంగానే తెలుసు. గుండ్రటి హాలు, పైన బోర్లించిన గిన్నెలాంటి గుమ్మటం, దాని లోపలి వైపు తెల్లటి రేకులు, నడుమ మిషను. నేను లైట్లు ఆర్పగానే ఆ రేకుల మీద నక్షత్రాలు పరుచుకుంటాయి. ఇంట్లో బొంగురుగా ఉండే ఆయన గొంతు అక్కడ మైకులో ఎంత బాగుంటుందో! షో అయ్యాక పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. అదే ఆయనకు పండగ.

"సూర్యుడి మీద నీళ్ళు పోస్తే ఆరిపోతాడా?" అని ఒకడు.

"పొయ్యి మంట కాదు నాయనా ఆర్పడానికి. నువ్వు పోసే నీళ్ళు కూడా వాడికి మేతే అవుతాయి," అనేవాడు బావ.

"అంతరిక్షంలో ఏడిస్తే కన్నీళ్ళు ఎటు పోతాయి?" అని ఒకమ్మాయి.

"ఎటూ పోవు తల్లీ. కంటి దగ్గరే బుడగలా అతుక్కుని కూర్చుంటాయి. అందుకని అక్కడికెళ్తే ఏడవకు."

"చందమామ మన వెనకాలే ఎందుకొస్తాడు?" అన్న ప్రశ్న మాత్రం రోజూ ఉండేది. "దూరం వల్ల," అనేవాడు బావ. "బస్సులో వెళ్తుంటే పక్కనున్న స్తంభాలు వెనక్కి పరిగెడతాయి. చాలా దూరంగా ఉన్నది మాత్రం కదిలినట్టే ఉండదు. అందుకే మనతో వస్తున్నట్టు ఉంటుంది." ఈ జవాబంటే ఆయనకు మహా ఇష్టం. అదే కొంప ముంచింది.

ఆ ఏడు గాలివానకి పైకప్పులో ఎక్కడో ఓ బోల్టు ఊడిపోయింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. లోపల మాత్రం సప్తర్షి మండలం పక్కన ఓ కొత్త చుక్క వెలిసింది. దాన్ని మొదట చూసింది మా అక్క కూతురు బుల్లి. సెలవొస్తే ముందు వరసలో కూర్చుని వాళ్ళ నాన్న చెప్పేదంతా నోరు తెరుచుకుని వినడం దానికి అలవాటు. నాలుగో తరగతి పిల్ల, కళ్ళు మాత్రం డేగ కళ్ళు.

"నాన్నా, ఆకాశమంతా ధ్రువ నక్షత్రం చుట్టూ తిరుగుతోంది కదా. ఆ చుక్క ఎందుకు తిరగట్లేదు?" అని అందరి ముందూ అడిగింది.

బావ తలెత్తి చూశాడు. అప్పుడు 'ఏమోనమ్మా, చూసి చెప్తాను' అంటే ఆయన సొమ్మేం పోయేది? అనడే! "అది అన్నిటికన్నా చాలా చాలా దూరంలో ఉందమ్మా. అందుకే కదలదు," అన్నాడు. చందమామ జవాబు తీసుకెళ్ళి ఆ చుక్కకు తగిలించాడు. తిరిగేది భూమి కాబట్టి దూరమైనా దగ్గరైనా నక్షత్రాలన్నీ కలిసే తిరిగినట్టు కనిపిస్తాయని ప్రతి షోలోనూ చెప్పే మనిషి!

కొన్నాళ్ళకు నాకో చిత్రం కనిపించింది. ఎండ కాస్తుంటే ఆ చుక్క వెలిగేది. బయట మబ్బు పడితే మాయమయ్యేది. గుమ్మటం కింద మిషను వేసే ఆకాశంలో నక్షత్రానికి మబ్బు అడ్డమేమిటి? నా బుర్రకే తట్టింది, అంత చదివినాయనకు తట్టలేదంటే నేను నమ్మను.

"బావా, అది నక్షత్రం కాదు, కప్పుకు పడ్డ చిల్లు," అన్నాను.

"నాకెప్పుడో తెలుసు," అన్నాడు, కాగితాలు సర్దుకుంటూ.

"తెలిస్తే బుల్లికి చెప్పు మరి."

"చెప్తాలే."

ఆ చెప్తాలే అలా సాగిపోయింది. ఈలోగా బుల్లి ఊరుకుందా? కదలని నక్షత్రం గురించి బళ్ళో అందరికీ చెప్పేసింది. అలాంటిది ఉండదమ్మా అంది వాళ్ళ టీచరు. మా నాన్న చెప్పాడు, ఉంది, అంది ఇది. పిల్లలకు ఇంకేం కావాలి? 'కోతల రాణి' అని పేరు పెట్టేశారు. మధ్యాహ్నం దాని పక్కన కూర్చుని తినడం కూడా మానేశారు. ఇదంతా ఇంట్లో చెప్పలేదు పిచ్చిది. వాళ్ళ క్లాసంతా నక్షత్రశాలకు వచ్చే ముందు రోజు సాయంత్రం మాత్రం గట్టు తెగినట్టు ఏడ్చింది.

"రేపు మా వాళ్ళందరికీ దాని పేరేంటో చెప్పు నాన్నా. చెప్తావు కదా? లేకపోతే నేనింక బడికి వెళ్ళను," అంది.

బావ తల ఊపాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలికాడు. అక్కకు అనుమానం వచ్చి ఏమైందంటే ఏం లేదన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడే లేచి దానితో నిజం చెప్పు," అని వంటింటి గుమ్మంలో నిలేశాను. "ఇప్పుడు చెప్తే అది రేపు బడివాళ్ళ ముందు ఎలా తలెత్తుకుంటుందే?" అన్నాడు. అదీ నిజమే. ఆ ముక్క ముందే ఆలోచించాల్సింది, మహానుభావుడు.

పొద్దున్నే వరండాలో నిలబడి ఆకాశం కేసి చూస్తున్నాడు. జీవితమంతా మబ్బుల్ని తిట్టిపోసిన మనిషి ఆ రోజు ఒక్క మబ్బు తునక కోసం వెతుక్కుంటున్నాడు. అంతలోనే చుక్క కనబడకపోతే బుల్లి మాట అబద్ధమైపోతుందని గుర్తొచ్చినట్టుంది, మొహం ఇంకా చిన్నబోయింది. ఎండ మాత్రం నిక్షేపంగా కాసింది.

బడి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. టికెట్ల దగ్గరే "కోతల రాణీ, నీ నక్షత్రమేదీ?" అని ఒకడు వెక్కిరించాడు. వాడి చెవి మెలిపెట్టాలనిపించింది గానీ ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాను. లోపల లైట్లు ఆర్పాను. ఆకాశం తిరగడం మొదలైంది. బుల్లి లేచి నిలబడింది.

"అదిగో! సప్తర్షుల పక్కన! చూడండి, కదలట్లేదు!"

హాలంతా "ఓ!" అంది. పిల్లలంతా చేతులు చాచి చూపించుకున్నారు. వెక్కిరించినవాడు కూడా "అవున్రోయ్!" అన్నాడు. టీచరు కళ్ళజోడు సవరించుకుని చూసి, "నిజమే సుమా. నాకు తెలీలేదు. దీని పేరేంటి సార్?" అని అడిగింది.

ఏదో ఒక పేరు చెప్తే సరిపోయేది. హాలు మొత్తం నమ్మడానికి సిద్ధంగా ఉంది. బుల్లి నెగ్గేది, ఆయన పరువూ దక్కేది. ఆయనకు పేర్లకు కొదవా? నేను స్విచ్చుల దగ్గర బిగుసుకుపోయాను.

మైకులో ఆయన ఊపిరి వినిపించింది. "లైట్లు వెయ్యమ్మా," అన్నాడు నాతో. వేశాను. వెలుతురులో ఆయన మొహం పాలిపోయి ఉంది.

"అది నక్షత్రం కాదు," అన్నాడు. "పైకప్పుకు పడ్డ చిల్లు. అందులోంచి ఎండ పడుతోంది."

ఒక్కసారిగా నవ్వులు. "చిల్లు! చిల్లు!" అని అరుపులు. బుల్లి మొహం మాడిపోయింది. బావ మైకు పక్కన పెట్టేసి, దాని వరసకు వచ్చి నిలబడ్డాడు.

"దాన్ని చూసి నవ్వకండి. అది కోతలు కొయ్యలేదు. నేను చెప్పిందే మీకు చెప్పింది. అదేంటో నాకు తెలీక, తెలీదని చెప్పడానికి నామోషీ అయి, నోటికొచ్చింది చెప్పాను. అబద్ధమాడింది నేను. పేరు పెట్టాలంటే నాకు పెట్టండి."

నవ్వులు ఆగిపోయాయి. చివరికి వెక్కిరించినవాడే నెమ్మదిగా చెయ్యెత్తి, "మరైతే సార్, ఆకాశం అయిపోయాక అవతల ఏముంటుంది?" అని అడిగాడు.

"తెలీదు," అన్నాడు బావ. "అసలది అయిపోతుందో లేదో కూడా ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు."

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. అక్క కూడా ఇక్కడ ఉంటే బాగుండేదనిపించింది. అప్పుడు బుల్లి లేచింది. ఏడవడం లేదు.

"అది చిల్లని నీకెప్పుడు తెలిసింది?"

"మీ పిన్ని చెప్పినప్పుడు. చాలా రోజులైంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నాన్నకి అన్నీ తెలుసని అనుకుంటావు కదమ్మా నువ్వు. అది పోగొట్టుకోలేకపోయాను."

"నీకన్నీ తెలుసని నేనెప్పుడనుకున్నాను? ఎవరైనా దారి అడిగితే వాళ్ళు తిరిగొచ్చాక అమ్మే కదా సరిగ్గా చెప్తుంది."

పిల్లలు గొల్లుమన్నారు. టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుల్లి మాత్రం నవ్వలేదు.

"అన్నీ తెలుసని కాదు నాన్నా. నాకు అబద్ధం చెప్పవనుకున్నా. అంతే," అంది.

బావ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇంకెప్పుడూ చెప్పను తల్లీ," అన్నాడు. బుల్లి ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలా వద్దా అని తేల్చుకుంటోందని నాకు అర్థమైంది. ఆయనకూ అర్థమైంది, అందుకే కదలకుండా అలాగే ఉన్నాడు.

"సరే. ఇంకో ప్రశ్న," అంది చివరికి. "శనిగ్రహం చుట్టూ ఉన్న ఉంగరాలు దేంతో తయారయ్యాయి?"

ఆ జవాబు దానికి మాటలొచ్చిన దగ్గర్నుంచీ తెలుసు.

"మంచు ముక్కలు, కాస్త రాళ్ళు, దుమ్ము," అన్నాడు బావ.

"నిజంగా?"

"నిజంగా."

బుల్లి కూర్చుంది. కూర్చుని, పక్కనున్న పిల్లతో, "మంచు ముక్కలంట. మా నాన్న చెప్పాడు," అంది.