రికార్డుకెక్కిన దెబ్బలు

ఇంగ్లండులో ఇనుప కార్ఖానాల ఊరైన క్రాడ్లీ హీత్‌లో ఈనాక్ ట్రోమన్స్ ఇల్లెక్కడని అడిగితే, "కేకలు ఎక్కడ వినిపిస్తే అదే" అనేవాళ్లు. ఈనాక్ ఓడల లంగరు గొలుసులు చేసే కొలిమిలో పనివాడు. పగలంతా ఎర్రగా కాలిన ఇనుమును సమ్మెటతో వంచి, సాయంత్రం పబ్బులో గొంతు తడుపుకొని, ఇంటికొచ్చాక పెళ్లాం పోయిన దుఃఖమంతా కొడుకు వీపు మీద తీర్చుకునేవాడు. తోలు బెల్టు విప్పుతున్న చప్పుడు వినగానే పెద్దది, కూతురు బెరిల్, పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి తమ్ముడు క్లైవ్‌కి అడ్డంగా నిలబడేది. ఆమెను పక్కకు నెట్టి మరీ కొట్టేవాడు. క్లైవ్ ఏడ్చేవాడు కాదు. బల్ల అంచు పట్టుకుని, దెబ్బకీ దెబ్బకీ నడుమ ఆ చెక్క మీద వేళ్లతో ఏదో వాయిస్తూ ఉండేవాడు. బెరిల్ అది చూసింది.

మీసాలు వచ్చే వయసుకి క్లైవ్ కూడా కార్ఖానాలో ఆవిరి సమ్మెట దగ్గర పనికి కుదిరాడు. భుజాలు తిరిగాయి. ఒక సాయంత్రం తండ్రి బెల్టు విసిరితే దాన్ని గాల్లోనే పట్టుకుని, రెండో చేత్తో ముఖం మీద గుద్దాడు. ఈనాక్ వెనక్కి తూలి పొయ్యి గట్టు మీద పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి. ఆ తర్వాత ఆయన కొడుకు మీద చెయ్యెత్తలేదు, కొడుకుతో మాట్లాడనూ లేదు. నాన్న పడిపోయినందుకు క్లైవ్‌కి భయం వేయలేదు. ఆ గుద్దు గుద్దినప్పుడు ఒళ్లంతా ఎంత హాయిగా అనిపించిందో తల్చుకుంటేనే భయం వేసేది.

డ్రమ్ములు అప్పుడే దొరికాయి. చితికిపోయిన ఒక డాన్సు బ్యాండు వాళ్లు వదిలేసి వెళ్లినవి. ఎదురు వీధి హోవర్డ్ రేబోల్డ్ గిటార్ వాయించేవాడు. బక్కపలచని మనిషి, కళ్లద్దాలు, మెత్తటి మాట. ఇద్దరూ కలిసి ఇంకో ఇద్దర్ని పోగేసి 'సిండర్ బ్యాంక్' అని బ్యాండు పెట్టారు. ఆ రోజుల్లో మా వైపు ప్రతి పబ్బు వెనక గదిలోనూ ఒక బ్యాండు ఉండేది. కార్ఖానాల చప్పుడుకి చెవులు అలవాటు పడ్డ జనం మరి, ఎంత గట్టిగా వాయిస్తే అంత ఇష్టపడేవాళ్లు.

వీళ్లని విక్ ఆస్బరీ చేరదీశాడు. ఒకప్పుడు బాక్సరు. ముక్కు ఒక పక్కకి వంగి ఉండేది. డాన్సు హాళ్లు నడిపేవాడు. క్లైవ్‌లో ఏముందో మొదటి రోజే కనిపెట్టాడు. కచేరీ నడుమ మిగతావాళ్లంతా వాద్యాలు దించి బీరు తాగడానికి పక్కకి పోతే, క్లైవ్ ఒక్కడే డ్రమ్ముల మీద పడేవాడు. వాయించే పుల్లలు విసిరేసి వట్టి చేతులతో కొట్టేవాడు. వేళ్లు పగిలి డ్రమ్ముల తోళ్ల మీద నెత్తురు మరకలు పడేవి. కింద జనం ఊగిపోయి ఒకళ్ల మీద ఒకళ్లు పడి తన్నుకునేవాళ్లు. పక్క ఊరు టిప్టన్‌లో ఒక తాగుబోతు వేదిక ఎక్కి డ్రమ్ముల మీదుండే ఇత్తడి తాళపు పళ్లెం లాగబోతే, క్లైవ్ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము తాళం తప్పకుండానే వాడి నోటి మీద ఒక్కటిచ్చి, చెయ్యి వెనక్కి తెచ్చి మళ్లీ వాయింపు అందుకున్నాడు. హాలంతా ఈలలు.

ఈ ఒంటరి వాయింపుకి, సోలోకి, ముందు విక్ ప్రతిసారీ వచ్చి క్లైవ్ చెవిలో ఏదో చెప్పి వెళ్లడం హోవర్డ్ గమనించాడు. ఒకరోజు అడిగాడు.

"ఏం చెప్తాడ్రా నీకు?"

"మా నాన్న వచ్చాడని. వెనక వరసలో కూర్చున్నాడని."

"నిజంగా వస్తాడా?"

"రాడు. నాకూ తెలుసు."

"మరి తెలిసీ..."

"తెలిసినా చేతులు వినవు," అన్నాడు క్లైవ్.

తొలి రికార్డు చేయడానికి అందరూ లండన్ వెళ్లారు. గోడలకి బొంత అతికించినట్టుండే గది. అవతల అద్దం, అద్దం వెనక టేపు తిప్పే మనిషి. పాటలన్నీ సాఫీగానే వచ్చాయి. రికార్డు రెండో వైపుకి అనుకున్న పెద్ద పాట దగ్గరికి వచ్చేసరికి విక్ అన్నాడు, "దీని మధ్యలో సోలో పడాలి."

"వద్దు," అన్నాడు హోవర్డ్. "మధ్యలో పాట చచ్చిపోద్ది. హాల్లో అయితే వాడి భుజాలు కనపడతాయి, చెమట కనపడుద్ది. రికార్డులో ఏముంది? ఇంట్లో కూర్చున్నోడు సూదెత్తి తర్వాతి పాట మీద పెట్టుకుంటాడు."

"పెద్ద బ్యాండులన్నీ పెడుతున్నాయి. మనకేం తక్కువ?"

"వాళ్లు పెడితే మనమూ పెట్టాలా?"

విక్ క్లైవ్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు అబ్బాయ్. నీ సోలో, నీ పేరు. వద్దంటావా?"

క్లైవ్ అన్నాడు, "హాల్లో కొట్టింది హాల్లోనే అయిపోద్ది విక్. పొద్దున్నే లేచేసరికి ఉండదు. అందుకే కొట్టగలుగుతున్నా. రికార్డులో పెడితే అది పోదు. ఎవరు ఎప్పుడు పెట్టినా ఆ దెబ్బ మళ్లీ అక్కడే పడుద్ది. నాకొద్దు."

"ఫిలాసఫీ చెప్తున్నాడు సమ్మెట పనోడు," అని నవ్వాడు విక్. "కూర్చో. వాయించు."

విక్ మాట కాదంటే వీళ్లకి హాళ్లు ఉండవు. క్లైవ్ కూర్చుని వాయించాడు. ఎక్కడా తప్పు లేదు, తాళం గడియారంలా నడిచింది. విన్నవాళ్లలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. మళ్లీ వాయించాడు. ఇంకా చప్పగా వచ్చింది. "నీట్‌గానే ఉందండీ," అన్నాడు టేపు మనిషి మొహమాటంగా.

విక్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, డ్రమ్ముల గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టాడు. క్లైవ్ తలెత్తేలోపే చెంప మీద కొట్టాడు. బాక్సరు చెయ్యి. క్లైవ్ తల పక్కకి తిరిగిపోయింది.

"మీ నాన్న దెబ్బ ఇంతేనా? ఇంకా బరువుంటదా?"

"విక్, వద్దు."

రెండో చెంప. పెదవి చిట్లింది. "బల్ల పట్టుకుని నిలబడేవాడివంటగా. మీ అక్క అడ్డం వచ్చేదంటగా. ఇక్కడెవరొస్తారు?"

ఆ సంగతులు ఒక రాత్రి ప్రయాణంలో తాగిన మత్తులో క్లైవే ఆయనకి చెప్పుకున్నాడు. అద్దం అవతల హోవర్డ్ తలుపు బాదుతున్నాడు. విక్ మూడో దెబ్బ మెడ మీద వేసి, వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని, అద్దం వైపు చెయ్యి ఊపాడు. టేపు మనిషి మీట నొక్కాడు.

క్లైవ్ వాయించాడు. మొదట ఒకే డ్రమ్ము మీద, ఊపిరి పీలుస్తున్నట్టు నెమ్మదిగా. తర్వాత దాని కింద పెద్ద డ్రమ్ము అందుకుంది. కొలిమిలో సమ్మెట దిగినట్టు దిగుతోంది, మీద తాళపు పళ్లాలు సీసాలు పగిలినట్టు పగులుతున్నాయి. ఒక పుల్ల విరిగింది. విరిగిన ముక్కతోనే కొట్టాడు. గడ్డం మీంచి నెత్తురు కారి డ్రమ్ము మీద పడి, దెబ్బ పడ్డప్పుడల్లా చిట్లి చొక్కా మీద చిందుతోంది. తలుపు బాదుతున్న హోవర్డ్ బాదడం మానేశాడు. అలాంటి వాయింపు అతను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. వినడానికి ఇష్టంగా ఉన్నందుకు అతనికి సిగ్గేసింది.

ఆఖరి దెబ్బ పడింది. విక్ నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. "చూశావా? ఉందిగా నీలో."

క్లైవ్ లేచి తాళపు పళ్లెం నిలబెట్టే ఇనప కాడను రెండు చేతులతో ఎత్తి విక్ ముఖం మీద దించాడు. విక్ పడిపోయాక కూడా దించాడు. హోవర్డ్, టేపు మనిషి కలిసి తలుపు విరగ్గొట్టి లోపలికి వచ్చేసరికి విక్ ఎడమ కన్ను లేదు. క్లైవ్ కాడ వదిలేసి, స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని ఉన్నాడు.

క్లైవ్‌ని కోర్టుకి తీసుకెళ్లారు. హోవర్డ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు కాబట్టి ఏడాదిన్నర జైలుతో సరిపోయింది. జైల్లో ఒక మొరటాడు "డ్రమ్ములోడా, వాయించి చూపించు" అని రోజూ వెంటపడేవాడు. ఒకసారి క్లైవ్ తోసేశాడు. వాడు పగబట్టి, క్లైవ్ చెయ్యి ద్వారబంధం మీద ఉన్నప్పుడు ఇనుప తలుపు విసురుగా వేశాడు. ఎడమచేతి వేళ్లు రెండు చితికిపోయాయి. అతుక్కున్నాయి కానీ మళ్లీ వంగలేదు.

చూడటానికి వచ్చిన బెరిల్ పంది మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె తెచ్చింది. కాపలావాడు దాన్ని ముక్కలు చేసి చూసి గానీ లోపలికి ఇవ్వలేదు.

"రికార్డు వచ్చింది," అంది.

"ఆ సోలో పెట్టారా?"

"పెట్టారు. ఆఖరి దెబ్బ దగ్గర చప్పుడు మెల్లగా తగ్గించేశారు, ఆ తర్వాతది వినపడకుండా. విక్ కంటికి నల్లగుడ్డ కట్టుకుని ఊరూరా తిరుగుతున్నాడు. నా కన్ను తీసిన సోలో ఇదే, వినండి అంటున్నాడు. కొనేవాళ్లు కొంటున్నారు."

బెరిల్ లేవబోయి మళ్లీ కూర్చుంది. "నాన్న కూడా కొన్నాడు," అంది.

విడుదలైన రోజు మధ్యాహ్నం క్లైవ్ ఇంటికి వెళ్లాడు. వీధి మలుపు తిరగ్గానే వినిపించింది తన సోలో. వీధి తలుపు తీసే ఉంది. ఈనాక్ కుర్చీలో కూర్చున్నాడు. ముసలాడైపోయాడు, చొక్కా వదులై వేలాడుతోంది. పక్కింటాయనని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"విను, ఇక్కడ విను," అంటున్నాడు. "అది నా చెయ్యి. వాడికి నా చెయ్యే వచ్చింది."

క్లైవ్ లోపలికి నడిచి, తిరుగుతున్న రికార్డును ప్లేయరు పెట్టెతో సహా ఎత్తి గోడకేసి కొట్టాడు. పక్కింటాయన వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. క్లైవ్ తండ్రి వైపు తిరిగాడు. ఈనాక్ రెండు మోచేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, కుర్చీలో ముడుచుకుపోయి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చిన్నప్పుడు తను అలా ఎన్నిసార్లు ముడుచుకున్నాడో క్లైవ్‌కి ఒళ్లే చెప్పింది. ఎత్తిన పిడికిలి దించలేక, కొట్టనూ లేక అలాగే నిలబడ్డాడు. బెరిల్ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని కిందకి దించింది.

ఆ పిడికిలి ఆ సాయంత్రం హోవర్డ్ మీద పడింది. తలుపు తీసి "వచ్చావట్రా" అన్న మనిషిని అలాగే గుమ్మంలో కొట్టాడు. హోవర్డ్ కళ్లద్దాలు పగిలాయి, ముందు పన్ను ఊడింది.

"వద్దన్నవాడివి నువ్వేగా. మరి దాన్ని రికార్డులో పెట్టడానికి ఎందుకు ఒప్పుకున్నావు?"

హోవర్డ్ మెట్టు మీద చతికిలబడి నోట్లో నెత్తురు ఊశాడు. "నువ్వు లోపలున్నావు. బయట నీదంటూ ఇంకేం లేదు. అదీ లేకుండా చేయాలనిపించలేదురా."

"నన్ను అడగాల్సింది."

"అడగాల్సింది. నిజమే," అన్నాడు హోవర్డ్.

క్లైవ్ పక్కనే కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత అతను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కష్టపడి ఆపుకున్న సందర్భాలు బెరిల్‌కి తెలుసు. కార్ఖానాలో ఫోర్‌మన్ తిట్టినప్పుడు బయటికి వెళ్లి బొగ్గు గుట్టని పారతో పొడిచి వచ్చేవాడు. ఈనాక్ మంచాన పడితే కూతురు కంటే ఎక్కువగా చేశాడు. తిండి పెట్టాడు, ఒళ్లు తుడిచాడు. మాట మాత్రం కలపలేదు. పెళ్లి చేసుకోమని బెరిల్ పోరితే, "పిల్లలు పుడితే?" అని ఊరుకున్నాడు.

చాలా ఏళ్లకి, విక్ పోయాక, ఆ రికార్డును సీడీగా తెస్తామని ఎవరో హోవర్డ్‌ని అడిగారు. హోవర్డ్ ఈసారి నేరుగా క్లైవ్ దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ వంటింట్లో టీ పెట్టుకుని కూర్చున్నారు.

"సోలో ఉంచమంటావా, తీసెయ్యమంటావా?"

"తీసెయ్."

"అందులో నిజంగా గొప్పగా ఉన్నది అదొక్కటేరా. అప్పుడు వద్దన్న నేనే చెప్తున్నా."

"నాకు తెలీదా? అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు. కొడితే వచ్చింది హోవర్డ్ అది. విన్నోడు బాగుందంటాడు. బాగుందంటే, ఆ దెబ్బలు కూడా మంచివేనని నాన్న అనుకున్నట్టే అందరూ అనుకుంటారు. తీసెయ్."

సీడీ సోలో లేకుండానే వచ్చింది. పాత అభిమానులు మండిపడి హోవర్డ్‌ని నానా మాటలూ అన్నారు. గిటారువాడి అసూయ అన్నారు. తీసెయ్యమన్నది క్లైవేనని అతను బయటపెట్టలేదు.

క్లైవ్ ఆదివారం మధ్యాహ్నాలు కార్మికుల క్లబ్బులో ముసలి జంటలు డాన్సు చేయడానికి వాయించేవాడు. వంగని వేళ్ల మధ్య డ్రమ్ము మీద రాసే తీగల బ్రష్ ఇరికించుకుని, పియానో పాటకి మెత్తగా తోడు వేసేవాడు. ఒకసారి ఎవరో సోలో కావాలని కేక వేస్తే పియానో ఆయన ఆగి క్లైవ్ వైపు చూశాడు. క్లైవ్ తల అడ్డంగా ఊపి, తర్వాతి పాటకి తాళం ఎత్తుకున్నాడు.