పైగదిలో ఏం పెడతారో చెప్పని పటేలు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, చల్లగా ఉంటుంది. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. నేను చెప్పబోయేది ఇండ్లు కట్టించుకునేవాళ్ల సంగతి. మీలో ఎవరైనా కట్టించుకుని ఉంటే కోపం రావచ్చు. వస్తే రానివ్వండి.

నేను ఐదో తరగతి దాటలేదు. నిజామాబాద్‌లోనూ బోధన్ చుట్టుపక్కలా ఇరవై ఏండ్లు స్లాబులకు తట్ట మోశాను. నా బిడ్డ హైదరాబాద్‌లో ఐదేండ్లు చదివి ఆర్కిటెక్టు అయింది. ఆ ఆదివారం మా చర్చిలో పాస్టరుగారు పేరుపెట్టి ప్రార్థన చేశాడు. దేవునికి అర్థమైంది గానీ మా గల్లీకి అర్థం కాలేదు.

"ఇంజనీరయిందా?" అని అడిగింది పక్కింటామె.

"ఇంజనీరు కాదు, ఆర్కిటెక్టు."

"గదేంది మల్ల?"

"ఇంట్ల ఎవలుంటరు, ఏం జేస్తరు, గాలి ఎటుకెళ్లి రావాలె, అన్నీ అడిగి ఇల్లు గీస్తది."

"గంతేనా! గది మేస్త్రి గూడ గీస్తడు గద, సుద్దముక్కతోని!"

ఆ చదువుకు మా గల్లీ కట్టిన విలువ అదీ. పట్నంలో పెద్ద ఆఫీసువాళ్లు కట్టిన విలువ ఇంకా గొప్పది. రెండేండ్లపాటు నా బిడ్డతో మెట్లూ బాత్రూములూ మాత్రమే గీయించారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "ఇయ్యాల ఏం గీసినవే?" అంటే, "బాత్రూమే అవ్వా, నిన్నటిది జర ఇటు జరిపిన," అనేది. విసుగుపుట్టి నిజామాబాద్ వచ్చేసి, మందుల దుకాణం మీద ఒక గది కిరాయికి తీసుకుని బోర్డు పెట్టింది.

ఇక వచ్చేవాళ్లను చూడాలి! ఒకాయన ఫోన్‌లో ఏదో సముద్రం ఒడ్డు బంగళా బొమ్మ చూపించి, అచ్చం అట్లాగే కావాలన్నాడు. ఆయన జాగా మా చర్చి వరండా కంటే చిన్నది. ఇంకొకాయన ఏడుసార్లు గీయించుకుని, ఎనిమిదోసారి వాస్తు చూసేవాణ్ని వెంటబెట్టుకొచ్చాడు. వాడు వంటింటిని ఎత్తి మెట్ల కింద పెట్టి, మెట్లను తీసి వాకిట్లో పెట్టి, చాయ తాగి పోయాడు. అందరి నోటా ఒకటే మాట: "ఒక్క కాగితమే గద బిడ్డా, గీసియ్యి!" డాక్టరు రాసిచ్చే చీటీ కూడా ఒక్క కాగితమే. అక్కడ మాత్రం చేతులు కట్టుకుని నిలబడతారు.

అట్లాంటి రోజుల్లో బోధన్ దగ్గరి ఒక పటేలు వచ్చాడు. ఒకప్పుడు చెరుకు పండించిన కుటుంబం, ఇప్పుడు పసుపూ వరీ. పాత ఇంటి పక్కనే కొత్త ఇల్లు, కింద మూడు గదులు, పైన ఒకటే పెద్ద గది. "ఇది మంచిగైతే మా బామ్మర్దులు ముగ్గురి ఇండ్లు గూడ నీకే," అన్నాడు. ఆ మూడు ఇండ్లు వస్తే ఆఫీసు నిలుస్తుంది. లేకపోతే బోర్డు దించి మళ్లీ పట్నం పోయి బాత్రూములు జరపాలి. ఈ సంగతి నాకు తెలుసు, నా బిడ్డకూ తెలుసు.

అది పద్ధతిగా అడిగింది. "పటేలా, పైగది దేనికి?"

"పండుకోనీకి. సుట్టాలొస్తే పండుకుంటరు."

"గంత పెద్దదా? కిటికీలు కూడ వద్దంటున్నరు?"

"మా సుట్టాలు శానామంది. ఎల్తురుంటే నిద్ర పట్టది వాళ్లకు."

నిజామాబాద్‌లో ఇనుము లెక్క కట్టే ఇంజనీరు ఒకతను ఉన్నాడు. ఏ గదిలో ఏం ఉంటుందో నా బిడ్డ చెబితే, ఎంత సలాక ఎక్కడ వేయాలో అతను లెక్క కడతాడు. పడకగది అని ఇది చెప్పింది, పడకగదికి సరిపోయే లెక్కే అతను కట్టాడు.

స్లాబు వేసే రోజు నన్ను వెంట తీసుకుపోవడం దానికి అలవాటు. కాంక్రీటు మాల్‌లో నీళ్లు ఎక్కువైతే దూరం నుంచే పట్టేస్తానని. పోయేసరికి మిక్సర్‌కు పసుపు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ సిద్ధంగా ఉంది. కూలీల కోసం మేకపోతును కోశారు. ఆర్కిటెక్టు మేడమ్‌కు బయట చెట్టు నీడన కుర్చీ వేశారు. తట్ట మోసిన దాన్ని కదా, నన్ను ఉల్లిగడ్డలు కోయమని పాత ఇంటి లోపలికి పిలిచారు. అన్ని నెలల్లో నా బిడ్డను ఒక్కసారీ గడప దాటనీయని ఇల్లు అది.

లోపల నడవడానికి దారి లేదు. నేల నుంచి పైకప్పు దాకా పసుపు బస్తాలే. రెండు వరసల సందులో మంచం. దేవుని పటం ముందు కూడా నాలుగు బస్తాలు.

పటేలు పెండ్లాం మంచి మనిషి. నా పక్కన కూర్చుని సంబరంగా చెప్పింది. "ఇగ నా బాధ తప్పుతదక్కా. మూడేండ్ల పసుపు. ధర రాలేదని అమ్మడు. ఎలుకలు, నిమ్ము, నా చీరలు సూడు, అన్నీ గిదే వాసన. ఇగ అన్నీ పైగదిలకే. ఎవ్వలకు చెప్పకు, దిష్టి తల్గుతది."

కత్తిపీట అక్కడే వదిలేసి బయటికి వచ్చి నా బిడ్డ చెవిలో చెప్పాను. అది కుర్చీలోంచి లేచింది.

"మేస్త్రీ, మిక్సర్ ఆపు!"

మేస్త్రి ఆపాడు. ఇంజనీరుకు ఫోన్ చేస్తే అతను, "నడుమ దూలం వెయ్యాల్సొస్తది, స్తంభాలు గూడ సూడాలె. బస్తాలెన్నో చెప్పుర్రి, లెక్క కడ్త. వారం పడ్తది," అన్నాడు.

"పటేలా, పైన పెట్టే బస్తాలెన్ని?"

పటేలు చుట్టూ చూశాడు. బామ్మర్దులు ముగ్గురూ ఉన్నారు. పసుపు కొనే సేటు మనిషీ ఉన్నాడు, ఊరి జనం ఉన్నారు. "ఏం బస్తాలు? బస్తాల్లేవు, గిస్తాల్లేవు!"

"పక్కకు రండి. నా చెవుల చెప్పుర్రి."

"ఇంట్లున్న పసుపు ఎంతో నోటికెళ్లి తియ్యరమ్మా. మా తాత తియ్యలె, మా బాపు తియ్యలె."

"నోటితోని వద్దు. మట్టిల గీతలు గీయుర్రి, నేను లెక్కవెట్టి తుడిచేస్త."

పెద్ద బామ్మర్ది పగలబడి నవ్వాడు. "గీయి బావా, గీయి! ఎకరం జాగ సాలదేమో!"

ఆ నవ్వుకు పటేలు ముఖం ఎర్రబడింది. మేస్త్రి మధ్యలో దూరాడు. "మేడం, ముప్పై ఏండ్ల సంది ఏస్తున్న, ఒక్క స్లాబు పడలె. మీకు పానం నిమ్మలం కావాల్నంటే రెండు సలాకలు ఎక్కువ కడ్త."

"ఏడ కడ్తవు?"

"మీరు ఏడ అంటె గాడ."

చూశారా? ఎక్కడ కట్టాలో తెలియదు, ఎందుకు కట్టాలో తెలియదు, అయినా కడతాడట. ఐదేండ్లు చదివినదాని మాట ఎవరికీ పట్టలేదు గానీ, ఈయన మాటకు అందరూ తల ఊపారు. చనిపోయిన తాతల పద్ధతి తప్పకూడదట, బతికి ఉన్నవాళ్ల నెత్తిన కప్పు ఏమైనా ఫర్వాలేదట.

దాచడం ఎందుకు, నేనూ తక్కువ తినలేదు. మూడు ఇండ్లు కళ్ల ముందు తిరిగాయి. దాని కొంగు లాగి, "బిడ్డా, పొయ్యనియ్యరాదె. గీసింది పడకగది గద, నీ తప్పేముంది?" అన్నాను.

అది నా దిక్కు చూసింది. "అవ్వా, దీని కింద ఎవలు పండుకుంటరో నువ్వు ఇప్పుడే సూసొస్తివి గద."

నేను కొంగు వదిలేశాను.

"ముహూర్తం దాటుతున్నది," అని పటేలు అరుస్తున్నాడు. "ఏయనిస్తవా, ఎల్లిపోతవా?"

"ఏయుర్రి పటేలా. గీసినట్టే ఏయుర్రి. ఒక్క మాట రాసి సంతకం వెడ్త." ప్లాను కాగితాలు పరిచి, ఎర్ర పెన్నుతో, ఐదో తరగతి దాటని నాకు కూడా తెలిసేటంత పెద్ద అక్షరాల్లో రాసింది: 'పైగది మనుషులు ఉండడానికే. పసుపు బస్తాలు పెట్టరాదు.' ఒక కాగితం పటేలుకిచ్చింది. రెండోది పర్మిషన్ ఇచ్చిన ఆఫీసులో ఇస్తానని సంచిలో పెట్టుకుంది.

సేటు మనిషి మెడ సాచి చదివాడు. "పెట్టొద్దని రాసిందంటే, ఉన్నయన్నట్టే గద పటేలా?"

అంతే. పటేలు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "నా ఇంటి గుట్టు బజార్ల పెట్టినవ్ కదమ్మా! మా బామ్మర్దుల ఇండ్ల మాట మర్శిపో." స్లాబు గీసినట్టే వేశారు. కూర వాసన వస్తూనే ఉంది. మేం తినకుండానే స్కూటీ ఎక్కాం.

ఆ మూడు ఇండ్లూ మేస్త్రే కట్టాడు. ఆర్కిటెక్టమ్మకు నోరు పెద్దదని, ఇంటి మర్మం దాచదని బోధన్ అంతా చెప్పుకున్నారు. పసుపు పండించేవాళ్లు నా బిడ్డ ఆఫీసు గడప తొక్కడం మానేశారు. మందుల దుకాణం మీది గది ఖాళీ చేశాం. బోర్డు ఇప్పుడు మా ఇంటి గోడకే ఉంది. బిడ్డ ముందుగదిలో బల్ల వేసుకుని గీస్తోంది. పట్నం మాత్రం పోనంది.

మొన్న బోధన్ బస్టాండులో పటేలు పెండ్లాం కనిపించింది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆమే వచ్చి చేయి పట్టుకుంది.

"అక్కా, ఒక్క బస్తా గూడ పైకి ఎక్కియ్యలే."

"ఏమైందే?"

"నీ బిడ్డకు ఏం తెల్వదని ఊరంత తిర్గి చెప్తడు. బస్తాలు మాత్రం కొత్తింటి కింది గదులల్ల పెట్టించిండు. మేమందరం పైన పండుకుంటున్నం. కిటికీలు లేక ఉడికి సస్తున్నం. నిన్ననే గోడ కొట్టించి రెండు కిటికీలు పెట్టిపిచ్చిండు."

ఇంటికొచ్చి చెబితే నా బిడ్డ పెన్సిలు ఆపి అడిగింది. "మనుషులే పండుకుంటున్నరా పైన?"

"మనుషులే."

"మంచిదవ్వా. గట్లయితె భయం లేదు," అని మళ్లీ గీతల్లోకి వంగింది.

ఆ పటేలు మాట నాకెందుకు, మీరు బాగుండాలి. మీ పిల్లలు నిద్రపోయే గదులకు గాలి రావాలి. మీ కప్పు మీ మీద చల్లగా నిలవాలి. మీ ఇంట్లో పంట నిండాలి, అది పెట్టుకోవడానికి సరైన చోటూ ఉండాలి. దేవుడు మీ గడపను చల్లగా చూడాలి.