మలుపులో రెండు చప్పుళ్లు

మొన్న సోమవారం ఉదయం మా బడి గేటు దగ్గర పిల్లల బస్సు కుడివైపు తిరుగుతుంటే ముందు చక్రం దగ్గర "టక్" మని చిన్న చప్పుడైంది. ఒకే ఒక్కసారి. ప్రార్థనకు వరసలు కడుతున్న పిల్లలకు వినబడలేదు, డ్రైవరుకూ వినబడలేదు. నాకు మాత్రం ఒళ్లు జల్లుమంది. చేతిలోని హాజరుపట్టీ పక్కనున్న టీచరుగారికి అందించి, యాభై ఏళ్లు దగ్గరపడ్డ మనిషినన్న సంగతి మరిచిపోయి, బస్సు వెనకాల పరుగు లంకించుకున్నాను. "ఆపు, ఆపు! మళ్లీ తిప్పు, ఈసారి ఎడమకి!" అని అరుస్తుంటే డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు. భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు చక్రం పక్కన గొంతుక్కూచుని చెవి ఒగ్గడం పిల్లలకు పెద్ద వినోదమైపోయింది. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకున్నాను. బస్సును ఆ పూటే మరమ్మతుకు పంపించాం. ఆ చప్పుడు వినడం నాకు నేర్పిన మనిషిని ఆ పిల్లలు చూడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు దానేసు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల సందులో రేకుల షెడ్డు, అందులో కార్లు బాగుచేసే మేస్త్రి. పుట్టింది ఇచ్ఛాపురం దగ్గర డొంకూరులో, సముద్రంలో చేపల వేటకు వెళ్లే కుటుంబంలో. ముందు పడవ ఇంజన్లు నేర్చుకుని, ఆ తర్వాత నేలమీది బళ్లకు వచ్చాడు. "సముద్రం మీద ఇంజను ఆగిపోతే దిగి సూడ్డానికి రోడ్డుండదు మాస్టారూ. ఆగకముందే ఇనాల" అనేవాడు. మిగతా మేస్త్రీలు పెన్సిలో బీడీయో చెవి సందున పెట్టుకుంటారు కదా, ఆయన అదీ పెట్టుకునేవాడు కాదు. చెవికి బరువు పెట్టకూడదట. పొట్టిమనిషి, పెద్ద గొంతు, ముక్కుమీద కోపం. ఎంత గొప్పవాడి కారైనా సరే, తను వినకుండా బోల్టు మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో. అప్పటికి టెక్కలిలో మాస్టారుగా చేరి నాలుగేళ్లు, పెళ్లయి ఏడాది. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. అలాంటి ఇంట్లో నేను ఒక రోజు విశాఖపట్నం నుంచి ఎర్రటి స్పోర్ట్స్ కారు నడుపుకుంటూ వచ్చి దిగాను! పాతదే, ఒక డాక్టరుగారు వాడి వదిలేసింది. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు ఆనేంత కిందికి ఉండే పొట్ట, బారెడు వెడల్పు టైర్లు. చిన్నప్పుడు పుస్తకాల అట్టల మీద అలాంటి బొమ్మలు గీసి దెబ్బలు తిన్నవాణ్ణి, ఆ రోజు నా ఆనందం పట్టడానికి మా వీధి చాలలేదు. నాన్నగారు అరుగు మీంచి లేవకుండానే, "ఇద్దరెక్కే బండికి ఇంత ఆర్భాటమేమిట్రా? పెళ్లికి పిలిస్తే పీటలు ఎక్కడ పెట్టుకుని వెళ్లాలి?" అన్నారు. నచ్చకపోతే పదిహేను రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చని డాక్టరుగారు మాట ఇచ్చారు. నాన్నగారు ఆ పదిహేను రోజులూ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

మూడో రోజున చప్పుడు మొదలైంది. తిన్నగా వెళ్లినంతసేపూ బండి వెన్నలా పోతుంది. కుడివైపు తిరిగితే చాలు, ఎక్కడో ముందు భాగంలో మూలుగు, మధ్యలో ఎప్పుడైనా ఒక టక్కు. వీధి చివర మలుపులో నాన్నగారికి వినబడకుండా రేడియో గొంతు పెంచేవాణ్ణి. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. చప్పుడు పోకపోతే కారు వెనక్కి ఇవ్వాలి. ఆ మాట తలుచుకుంటేనే ఏడుపొచ్చేది, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఎనిమిదో రోజు నా భార్య లలితను పక్కన కూచోబెట్టుకుని పలాస వెళ్లాను.

"ఏటి బాద?" అన్నాడు దానేసు, కారు చుట్టూ ఒకసారి తిరిగి.

"సీవీ జాయింటు పోయినట్టుందండీ. మలుపులో టక్కుమంటే అదేనని పత్రికలో చదివాను."

"పేరు సెప్పకండి మాస్టారూ. పేరెట్టడం నా పని. సప్పుడు సెప్పడం మీ పని. నోటితో సేసి సూపించండి."

నేను చుట్టూ చూశాను. ఎదురుగా టీ దుకాణం నిండా జనం. పాఠం చెప్పే మాస్టారు నడిరోడ్డు మీద మూలగడం ఏమిటి? నా అవస్థ చూసి లలిత కారు దిగింది. ఆమెది ఇచ్ఛాపురం. ఇంట్లో తెలుగు, అమ్మమ్మతో ఒడియా, ఎవరి యాసనైనా క్షణంలో దించేస్తుంది. కొంగు బిగించి, "ఊఁ... ఊఁ... ఊఁ... టక్!" అంది. అచ్చం నా కారే! టీ దుకాణంలో గ్లాసులు ఆగిపోయాయి.

"ఓలమ్మో! ఈయమ్మకి సెవుంది!" అని దానేసు రెండు చేతులూ చరిచాడు.

"ఇవి రెండు చప్పుళ్లు మేస్త్రీ" అంది లలిత. "మూలుగు ఒకటి, టక్కు ఒకటి. మూలిగినప్పుడల్లా టక్కనదు."

"ఒక్క జబ్బుకే జొరం, దగ్గు రెండూ రావేటమ్మా?" అని నవ్వాడు ఆయన. నేనూ నవ్వాను. లలిత నవ్వలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

కారును పక్కనే ఉన్న ఫ్యాక్టరీ కళ్లానికి తీసుకువెళ్లాం. జీడిపిక్కలు ఆరబోసే పెద్ద సిమెంటు కళ్లం అది. ఆదివారం కావడంతో పిక్కలు ఎత్తేసి ఖాళీగా ఉంది. ఎవరి బండి మలుపులో చప్పుడు చేసినా దానేసు దాన్ని అక్కడే పరీక్షించేవాడు. లలితను నడిమధ్యన నిలబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. నన్ను నడపమని, తను కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగాడు. "పూర్తిగా తిప్పండి! ఆపకండి! తిప్పండి!" అని కేకలు. నేను గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాను. మధ్యలో లలిత కళ్లు మూసుకుని, చేత్తో చప్పుడు వస్తున్న చక్రాన్ని చూపిస్తూ బొంగరంలా తిరుగుతోంది. ఎండకు జీడి వాసన లేస్తోంది. కుడికి తిరిగినప్పుడల్లా బరువంతా ఎడమ చక్రం మీద పడి మూలుగు పెరిగేది. అది వినబడగానే ఇద్దరూ ఒకేసారి "అదిగో!" అని అరిచేవాళ్లు. నేను ఇన్నేళ్లు ప్రయోగశాలలో గడిపాను గానీ అంత సంబరమైన ప్రయోగం మళ్లీ చూడలేదు.

"ఎడం సక్రం బేరింగు" అని తేల్చేశాడు దానేసు. "కారు ఒగ్గకండి, ఎనక్కి ఇవ్వకండి. నాను సెప్తున్నాను గదా!"

బేరింగు విశాఖపట్నం నుంచి బస్సులో తెప్పించాడు. చక్రం విప్పడం పెద్ద యుద్ధమే అయింది. కారు ఇన్నాళ్లూ సముద్రపు గాలిలో ఉన్నది కదా, చక్రాన్ని కింది ఇనుప చేతికి కలిపే బాల్ జాయింటు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాని నిండా నూనె పోసి, ఒక పూటంతా నాననిచ్చి విడదీశాడు. కొత్త బేరింగు వేసి బిగించేసరికి కళ్లం నిండా మళ్లీ పిక్కలు పరిచేశారు. అందుకని కొత్తగా వేసిన తారు రోడ్డు మీద నడిపి చూశాం. మూలుగు లేదు, టక్కు లేదు. నేను పట్టలేక మేస్త్రిని కౌగిలించుకున్నాను, నా తెల్ల చొక్కా నల్లబడింది. ఆ సాయంత్రమే టెలిఫోను బూత్ నుంచి డాక్టరుగారికి ఫోను చేసి, కారు ఉంచుకుంటున్నానని చెప్పేశాను. ఇంటికి వెళ్తుంటే మా వీధి సిమెంటు రోడ్డు మీద లలిత నా చెయ్యి పట్టుకుంది. "మూలుగు అలాగే ఉంది. టక్కు లేదంతే" అంది. "నీదంతా భ్రమ" అన్నాను. నిజానికి నాకూ వినబడింది. వినదలుచుకోలేదు.

ఆ తర్వాత అయిదో రోజు ఉదయం లలిత పుట్టింటికి, ఇచ్ఛాపురానికి, మా మొదటి పెద్ద ప్రయాణం. సంచి సర్దాం, నాన్నగారు సణుగుతూనే నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టారు. కారు కదలబోతుంటే వీధి మలుపులోంచి పొట్టిమనిషి ఒకడు గుడ్డసంచి ఊపుకుంటూ పరుగున వచ్చి, రెండు చేతులూ బోనెట్టు మీద ఆనించి నిలబడిపోయాడు. దానేసు. మా ప్రయాణం సంగతి ఆయనకు ముందే చెప్పి ఉన్నాం, పలాసలో మొదటి బస్సెక్కి వచ్చాడట.

"దిగిపోండి. బేగి దిగిపోండి మాస్టారూ, బండి కదపకండి."

సంచిలోంచి మా పాత బేరింగు తీసి, దాన్ని నా చెవి దగ్గర పెట్టి వేలితో తిప్పాడు. అది చడీచప్పుడు లేకుండా తిరిగింది.

"పారేద్దారని తీసి, ఎందుకో మనసొప్పక డీజిల్లో కడిగినాను. తిప్పితే ఇలగ ఉంది. దీనికి రోగం నేదు. మరి మూలిగిందెవరు?"

"మూలుగు ఇంకా ఉంది మేస్త్రీ, ఈ వీధిలో" అంది లలిత.

దానేసు సిమెంటు రోడ్డు వంక చూశాడు, ఆ బారెడు టైర్ల వంక చూశాడు, నుదురు కొట్టుకున్నాడు. "టైరు పాట! ఇంత ఎడల్పు టైరు నా సెవికి కొత్త. సిమెంటు గరుకు మీద పాడతాది, అంతే. నా కళ్లమూ సిమెంటే. అది రోగమే కాదు. రోగం టక్కనీదే. నాను నూనె పోసీసి దాని నోరు మూసీసినాను."

జాకీ పెట్టి ఎడమ చక్రం లేపాడు. కిందికి దూరి, బాల్ జాయింటు పక్కన ఇనుప కడ్డీ దోపి ఒక్క నొక్కు నొక్కాడు. గిన్నెలో బిగిసి ఉండవలసిన గుండు ఊడి బయటికి వచ్చేసింది. చక్రం ఒక పక్కకు వాలిపోయింది. హైవే మీద, లారీల మధ్య, ఏదో ఒక మలుపులో అది జరిగి ఉండేది. నాన్నగారు అరుగు మీద చతికిలబడ్డారు.

వీధిలో అప్పటికే పదిమంది పోగయ్యారు. దానేసు లేచి చేతులు తుడుచుకుని, అందరికీ వినబడేలా అన్నాడు: "మాస్టారూ, నాను తప్పు ఇన్నాను." తర్వాత లలిత వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు రెండని సెప్పినావు. నాను ముందే పేరెట్టీసి, ఆ పేరుకి తగ్గట్టు ఇన్నాను. ఎవుల్నీ పేరు సెప్పనియ్యను గదా, నానే సెప్పీసినాను."

లలిత కళ్లనిండా నీళ్లు. నేను ఏదో ఒకటి అనాలని, "పక్కింటికి ఫోను చేసి ఉంటే సరిపోయేది కదా, ఇంత దూరం..." అని గొణిగాను.

"ఫోన్లో సెప్తే మీరు 'పరవానేదు మేస్త్రీ, తిరిగొచ్చాక సూద్దాం' అనీసి ఎల్లిపోదురు. కారంటే మీకంత పిచ్చి" అన్నాడు. నిజమే. వెళ్లిపోయి ఉండేవాణ్ణి.

కొత్త జాయింటు వేశాక ఇచ్ఛాపురం వెళ్లాం. కనబడ్డ ప్రతి మలుపునూ కావాలని తిప్పి తిప్పి వెళ్లాం. ఆ తర్వాత పదేళ్లు నా ఆదివారాలు ఆ షెడ్డులోనే గడిచాయి. మేస్త్రి వీధిలో అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు, ఇక బేరాలు పోతాయని నేను భయపడ్డాను. జరిగింది వేరు. నాన్నగారే అరుగు మీద కూచుని, కనబడ్డ వాళ్లందరినీ పలాస పంపేవారు. "తప్పు విన్నానన్న చెవినే నమ్మాలిరా" అనేవారు. మా ఉద్దానం ప్రాంతంలో ఎందరినో తీసుకుపోయిన కిడ్నీ జబ్బే చివరికి దానేసునూ తీసుకుపోయింది. నాకు పాఠం చెప్పిన మాస్టార్లు చాలామంది ఉన్నారు. గురువు అనే మాట నోటికి వస్తే మాత్రం ఆయనే కళ్లముందు నిలబడతాడు.

ఆయన్ని ఆ బేరింగు కడగమని ఎవరూ అడగలేదు. పని అయిపోయింది, అందరం సంతోషంగా ఉన్నాం. అయినా కడిగాడు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. దిద్దేసి కట్ట కట్టిన జవాబుపత్రాలను సెలవుల్లో మళ్లీ విప్పి చూస్తాను. చాలాసార్లు సరిగ్గానే ఉంటాయి. ఒక వేసవిలో మాత్రం నేను అడ్డంగా కొట్టేసిన ఒక అమ్మాయి జవాబు సరైనదని తేలింది. మా పుస్తకంలో లేని దారిలో చేసింది ఆ అమ్మాయి. నేను పుస్తకంలో దారి కోసం వెతికి, అది కనబడక కొట్టేశాను. మర్నాడు రైలెక్కి పూండిలో దిగి, అడుగుతూ అడుగుతూ వాళ్ల ఇల్లు పట్టుకున్నాను. తండ్రి వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. సైన్సు తన తలకెక్కదని, ఇక ఆ చదువు వద్దని ఆ పిల్ల ఇంట్లో చెప్పేసిందట.

కాగితం తీసి ఇద్దరి ముందూ పెట్టాను. "నీ జవాబు సరైనదమ్మా. తప్పు నాది" అన్నాను. ఆ పిల్ల కాగితం వంక, నా వంక మార్చి మార్చి చూసింది. తర్వాత లోపలికి పరుగెత్తి, అటక మీద పడేసిన సైన్సు లెక్కల నోటుపుస్తకం తెచ్చుకుని నా ఎదురుగా కూచుంది. "అయితే సార్, దీని తర్వాతది కూడా నాను ఇలగే సేసినాను, సూడండి" అంది. వాళ్ల నాన్న వలను పక్కకు జరిపి, నాకు కూచోడానికి చోటు చేశాడు.