ఈ పూట పిడికెడు

కొత్త సంవత్సరం పొద్దున ఒక్కొక్కరే లేచి, ఈ ఏడాది ఏం మానుకుంటారో అందరి ముందు చెప్పడం మా తాండూరు చర్చిలో ఆనవాయితీ. నేను వరసగా మూడేళ్ళు ఒక్క మాటే చెప్పాను, నా బిడ్డ మీద చెయ్యి ఎత్తనని. మూడోసారి లేచేసరికి ముందు వరస ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళను అనడానికేముంది? మొదటి ఏడాది నా మాట పది రోజులు నిలిచింది. రెండో ఏడాది నాలుగే.

నైజాం రాజ్యం పోయిన కొత్తల సంగతి ఇది. మా ఆయన పొద్దున్నే బండల గనికి పోతే దీపాల వేళకు వచ్చేవాడు. ఇంట్లో నేనూ, ఒక్కగానొక్క కూతురూ. నాది ముక్కు మీద కోపం. పాలు పొంగినా, దువ్వెన కనబడకపోయినా ముందు చెయ్యి లేచేది. కొట్టాక ఏడ్చేది నేనే. ఆ ఏడుపు పిల్లకు ఏం పనికొస్తుంది?

ఎనిమిదేళ్ళు నిండగానే దాన్ని వికారాబాదులో బోర్డింగు బడిలో వేశాం. మొదటి ఎండాకాలం సెలవులకు వస్తే, పలక పగలగొట్టిందని గట్టిగా కొట్టాను. దసరాకు తీసుకురావడానికి రైలెక్కి పోతే, అది పెట్టె సర్దుకోలేదు.

"అమ్మా, నేను ఈడనే ఉంట. వార్డెనమ్మ ఉండొచ్చన్నది," అంది నేల చూస్తూ.

ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఒక్కదాన్నే తిరిగొచ్చాను. క్రిస్మసుకూ రానంటే? ఇక ఎప్పటికీ రానంటే? తాండూరు దాకా అదే ఫికరు.

క్రిస్మసు దాకా ఎవరి మీదా కోపం చెయ్యనని మళ్ళీ తీర్మానం చేసుకున్నాను. పిల్ల ఇంట్లో లేదు కనుక నా పరీక్ష అంతా పక్కింటి మేకతోనూ, అంటుకోని పొయ్యితోనూ, అలిసి వచ్చిన మా ఆయనతోనూ. ఆ మేక మొదటి రోజే నన్ను ఓడించింది.

మా ఇళ్ళలో ఇంకో అలవాటుంది. పొయ్యి ముట్టించే ముందు పిడికెడు జొన్నలో, బియ్యమో దేవునికని చిన్న కుండలో వేస్తాం. ఆదివారం ఆ కుండ చర్చికి పోతుంది. కోపం చేసిన పూట నాకు ఆ కుండ ముట్టాలంటే సిగ్గేసేది. మాట తప్పిన చేత్తో దేవునికి ఏం వేస్తానని మానేసేదాన్ని. అలా మానగా మానగా ఓ ఆదివారం చర్చిలో అందరికీ ఆ కుండ అడుగు కనిపించింది.

ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఒకావిడ ఉండేది. పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం. మరునాడే ఆమె కొంగులో జొన్నలు కట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఇంట్ల గింజలు లెవ్వా బిడ్డా? చెప్పకపోతివి."

నాకు తల కొట్టేసినట్లయింది. "గింజలున్నయ్ పెద్దమ్మా. నా మాటనే నిలుస్తలేదు," అని ఉన్నదంతా చెప్పేశాను.

ఆమె నవ్వలేదు. "ఏడాది మొత్తం గింజలు ఒక్కనాడే ఏస్తున్నవా?"

"లేదు. పూటపూటకు."

"మరి మాటనేమో ఏడాది మొత్తానికి ఒక్కసారే ఇస్తివి. గీ పూటకు ఇయ్యి. వచ్చే పూటది అప్పుడు చూద్దువు. తప్పిన పూట గూడ గింజలు ఎయ్యి. నువ్వు మంచిదానివైనంక వస్తనని ప్రభువు కూసోలేదు గద."

నాకు నమ్మకం కుదరలేదు. ఇంత చిన్న మాటతో ఏమవుతుంది? అయినా కుండ మీద పిడికిలి పెట్టి "ప్రభువా, ఈ పూటకు" అనడం మొదలుపెట్టాను. కొన్ని పూటలు నిలిచాను. కొన్ని పూటలు మేకే గెలిచింది. అప్పుడూ ఏడుస్తూనే గింజలు వేశాను. ఓడిన పూట తర్వాత ఇంకో పూట ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

వార్డెనమ్మ నచ్చజెబితే పిల్ల క్రిస్మసుకు వచ్చింది. రైలు దిగి నాకు రెండడుగులు ఎడంగా నడిచింది. రెండు రోజులు ఇంట్లో ఒకరికొకరం భయపడుతూ తిరిగాం. మూడో రోజు పొద్దున నాకు సాయం చేయబోయి, గూట్లోంచి ఆ కుండనే జారవిడిచింది. కుండ పగిలి, గింజలు ఇల్లంతా చెదిరాయి.

నా చెయ్యి లేచింది. అబద్ధమెందుకు, లేచింది. పిల్ల మోచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆ మోచెయ్యి చూశాను. ఆ పూట మాట నేనింకా ఇవ్వలేదు. "ప్రభువా, ఈ పూటకు" అని గొణుక్కుంటూ కూలబడి, ఎత్తిన చేత్తోనే గింజలు ఏరడం మొదలుపెట్టాను.

చాలాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది. ఎదురుగా కూర్చుని తనూ ఏరింది.

"అమ్మా, ఈ పూటది ఏసినవా?"

"ఇంకా ఎయ్యలే బిడ్డా. కుండ లేదు గద."

"నీ కొంగు పట్టు," అని పిడికెడు గింజలు నా కొంగులో పోసింది. పోశాక చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మధ్యాహ్నానికి, చెయ్యి మళ్ళీ లేస్తుందేమోనని నాకు భయం మొదలైంది. పొయ్యి ముట్టించే ముందు ఇద్దరం కలిసి ఇంకో కుండ వెతికాం.