జర్మన్ కోచ్‌ని తీసేసిన కారణం

మా చెల్లెలు పోయిన మరుసటి నెల అమెరికాలో వాళ్ళుండే అల్ఫారెట్టా వెళ్ళాను. శనివారం ఉదయం దాని కూతురు నిత్యకి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే, వాళ్ళమ్మాయి కూడా అదే జట్టులో ఆడే పక్కింటి కిరణ్ మమ్మల్ని కార్లో తీసుకెళ్ళాడు. ఆ జట్టు కోచ్ జర్మన్. తన దేశంలో ఒక చిన్న క్లబ్‌కి చాలాకాలం డిఫెండర్‌గా ఆడి, తర్వాత దానికే మేనేజర్ అయినవాడు.

అక్కడ పిల్లలు ఎంత తప్పుగా ఆడినా తల్లిదండ్రులు "గుడ్ జాబ్" అంటారు. ఆ మనిషి అనలేదు. నిత్య బంతి పోగొట్టుకుని నిలబడిపోతే, "నిలబడ్డావేం? వెనక్కి పరుగెత్తు," అని అరిచాడు. అది పరుగెత్తింది. వాళ్ళ జట్టు గెలిచింది.

"ఇదే ఆయన లాస్ట్ మ్యాచ్ అండీ," అన్నాడు కిరణ్. "తల్లి లేని పిల్ల మీద అలా అరుస్తాడా? నిత్య కోసమే పేరెంట్స్ అందరం క్లబ్‌కి కంప్లైంట్ చేశాం."

"నిత్యని అడిగారా?"

"చిన్నపిల్లని ఏం అడుగుతామండీ?"

ఒళ్ళు మండింది. ఒక మనిషి ఉద్యోగం తీయించడానికి మా ఇంటి చావుని వాడుకున్నారు.

కోచ్ బంతులు సంచిలో వేసుకుంటుంటే వెళ్ళి పలకరించాను. "జర్మనీలో వరసగా ఓడిపోతే తీసేశారు. అది న్యాయమే. ఇక్కడ గెలుస్తుంటే తీసేశారు," అన్నాడు. "ఎవరో పిల్ల మనసు నొప్పించానట. పేరు చెప్పరు."

"మా నిత్య," అన్నాను ఇంగ్లీషులో. "వాళ్ళమ్మ పోయాక తనని మిగతా పిల్లల్లాగే కోప్పడేది మీరొక్కరేనని మొన్న ఇంట్లో సంతోషంగా చెప్పింది."

"అండీ, అది కాన్ఫిడెన్షియల్," అన్నాడు కిరణ్ వెనకనుంచి.

నిత్య అన్న మాటే మళ్ళీ, మిగతా తల్లిదండ్రులకి కూడా వినబడేలా చెప్పాను.