బోరింగు ఎక్కడ వెయ్యాలి?

ఫిలింనగర్ బస్తీలో మేమంతా గుంపులో మనుషులుగా బతికిన రోజులవి. సినిమాలో పెళ్ళి జరిగితే అక్షింతలు వేసేదాన్ని, ఎవరైనా పోతే ఏడ్చేదాన్ని, ఊరి పంచాయతీ జరిగితే నేల మీద కూర్చుని తల ఊపేదాన్ని. మా బస్తీలో సగం మంది పని అదే. తీర్పు ఎలాంటిదైనా సరే, అసిస్టెంటు డైరెక్టరు చెయ్యి ఊపగానే "అవునవును, అదే న్యాయం" అనాలి. అన్నేళ్ళలో "కాదు" అనే మాట ఒక్కసారి కూడా నా వంతుకు రాలేదు. అలాంటి నన్ను, జనం చేత మాట్లాడించే మనిషిగా తయారు చేయాలని ఒక సంస్థ పూనుకుంది.

అది తొంభైల మొదట్లో మాట. ఆ సంస్థ జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో ఉండేది. మా బస్తీకి ఒక బోరింగు వేయిస్తామన్నారు. (అప్పటిదాకా ట్యాంకరు వస్తే నీళ్ళు, రాకపోతే ఎదురుచూపులు.) కాకపోతే ఒక షరతు. దాన్ని గుట్ట మీది పై గల్లీలో వెయ్యాలా, పల్లంలో ఉన్న మా కింద గల్లీలో వెయ్యాలా అన్నది బస్తీ వాళ్ళే సభ పెట్టుకుని, అందరూ మాట్లాడి తేల్చుకోవాలి. తేలకపోతే బోరింగు మోతీనగర్ వైపు ఇంకో బస్తీకి పోతుంది. సభ నడిపే పని నేర్చుకోవడానికి, గొంతు పెద్దదని మా వాళ్ళు నన్ను పంపారు.

వారం రోజులు తివాచీ మీద కూర్చోబెట్టి నేర్పారు. గోడకు సభ నియమాలు రాసిన పెద్ద చార్టు ఉండేది. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. మాకు నేర్పే మేడం చదివినదాన్ని డైలాగులా బట్టీ పట్టి, చార్టు వంక చూస్తూ అప్పజెప్పేదాన్ని. (బాగా చదువుతున్నావని మెచ్చుకున్నారు కూడా.) కిటికీలోంచి చూస్తే తోటమాలి పైపుతో గడ్డి తడుపుతూ ఉండేవాడు. నా కళ్ళు చార్టు మీద కంటే ఆ పైపు మీదే ఎక్కువ ఉండేవి.

"మీరు ఫెసిలిటేటర్, అంటే సభ నడిపేవారు. మీ ఒపీనియన్ ఎక్కడా చెప్పకూడదు, న్యూట్రల్‌గా ఉండాలి," అన్నారు మేడం.

"మరి నాకూ నీళ్ళు కావాలి కదండీ."

"కావాలి. కానీ చెప్పకూడదు."

సభ రోజు పొద్దున్నే షామియానా వేశారు. మేడం ఢిల్లీ నుంచి అతిథులను తెచ్చి ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు. వాళ్ళలో ఒకాయన మెడలో కెమెరా ఉంది. అక్కడే కొంప మునిగింది. కెమెరా కనబడగానే మా వాళ్ళు ఎవరూ చెప్పకుండానే సర్దుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు ఎడమ పక్కకు, ముసలివాళ్ళు ముందుకు. మీసాల వల్ల సినిమాల్లో ఎప్పుడూ ఊరి పెద్ద వెనక నిలబెట్టే మా జడ్జి తాత కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"బోరింగు పై గల్లీలో వేస్తే బాగుంటుందా?" అని అడిగాను.

"అవునవును, అదే న్యాయం," అన్నారు అందరూ.

"మరి కింద గల్లీలో వేస్తే?"

"అవునవును, అదే న్యాయం."

అతిథులు గబగబా రాసుకున్నారు. "ఎంత యూనిటీ," అని మేడం మురిసిపోయారు. జడ్జి తాత నన్ను దగ్గరికి పిలిచాడు. "బిడ్డా, ఈరో ఎప్పుడొస్తడు? జర తొందరగ రమ్మను."

"హీరో లేడు తాతా. మనమే మాట్లాడాలి."

"మనమా? మనకు డైలాగు ఎవరిచ్చిన్రు?"

బోరింగు మోతీనగర్ దారి పట్టడం నా కళ్ళకు కట్టింది. చార్టు మొత్తం మరిచిపోయి, దిక్కుతోచక, షూటింగు ముగిసినప్పుడు రోజూ వినే మాట ఒకటి అరిచాను: "ప్యాకప్."

అతిథులు సభ అయిపోయిందనుకుని టీకి లేచారు. మా వాళ్ళు కాళ్ళు బారజాపారు. అప్పుడు మొదలైంది అసలు సభ.

"ఏవమ్మాయ్, కింద వేస్తే నిండు చూలాలు మా కోడలు బిందెతో గుట్ట ఎక్కాలా?" అంది పై గల్లీ నెల్లూరు పిన్ని.

"మీ కోడలు నెలల కంటది. నా మోకాళ్ళు ఎప్పుడు కంటయి?" అంది జడ్జి తాత పెళ్ళాం.

గంటసేపు అలా ఒకరినొకరు దులుపుకున్నాక చేతులు ఎత్తించాను. రెండు గల్లీలూ సరిసమానం. అందరూ నా వంక చూశారు. "నువ్వేమంటావే?" అంది పిన్ని. కింద గల్లీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నేను సభ నడిపేదాన్ని. నాకు అభిప్రాయం ఉండకూడదు," అన్నాను గొప్పగా.

అప్పుడు జడ్జి తాత లేచాడు. ముప్పై ఏళ్ళుగా పెద్దమనిషి వెనక నిలబడ్డవాడికి ముందుకు వచ్చే అవకాశం అదే మొదటిసారి. సినిమాలో పెద్దమనిషి ఎప్పుడూ తన ఇంటికి వ్యతిరేకంగానే తీర్పు చెబుతాడు. "మాది కింద గల్లీ. అయినా చెప్తున్న. కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది. బోరింగు పైననే వెయ్యాలె," అని కింద గల్లీకి ఎత్తిన చెయ్యి దించాడు.

"అవునవును, అదే న్యాయం." ఈసారి ఎవరూ చెయ్యి ఊపలేదు.

"ఇంటికి రా, నీకు చెప్త," అంది ఆయన పెళ్ళాం.

బోరింగు పై గల్లీలోనే పడింది. పిన్ని కోడలికి ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్ల నడక నేర్చి, బడికి పోయేదాకా కూడా నేను ఆ గుట్ట ఎక్కి దిగుతూనే ఉన్నాను. నలభై దాటాక మధ్యాహ్నం బడిలో అక్షరాలు నేర్చుకుని, ఆ సభ గురించి మేడం ఎప్పుడో ఇచ్చిన తెలుగు రిపోర్టు తీసి, వేలు పెట్టుకుని చదివాను. నేను సొంతంగా చదివిన మొదటి పూర్తి వాక్యం అదే: "సభ నడిపిన మహిళ తన అభిప్రాయాన్ని ఎక్కడా బయటపెట్టలేదు." అక్షరం తప్పు లేదు.

ఇప్పుడు ఇంట్లోనే కుళాయి ఉంది. బిందె కింద పెట్టి తిప్పినప్పుడు ఒక్కోసారి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, "కింద గల్లీలో వెయ్యాలి," అని చెబుతుంటాను.