మండీ కర్ర

మదనపల్లె టమోటా మండీలో పాపక్కను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని, చంకలో వేపకర్ర ఇరికించుకొని, పారబోసిన కాయల గుట్ట చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ధర పడిపోయిన రోజుల్లో అమ్ముడుపోని సరుకంతా అక్కడే గుమ్మరిస్తారు. ఊరికే దొరికితే ఇక కొనేవాళ్లు ఉండరని, ఆ గుట్ట మీద ఎవరూ చెయ్యి వేయకుండా చూడడానికి మండీ యజమాని ఆమెను కూలికి పెట్టుకున్నాడు. పాపక్క కూడా ఒకప్పుడు ఆ గుట్టలో ఏరుకున్నదే. వీపు మీద దెబ్బకు ఎవరూ కాయ వదలరని ఆమెకు తెలుసు. అందుకే మణికట్టు ఎముక మీద కొడుతుంది. వేళ్లు వాటంతట అవే విచ్చుకుంటాయి. "పో మే, ఈడ మీ అబ్బ పోసిపెట్టినాడా" అంటూ, జారిపడిన కాయను మడమతో నలిపేస్తుంది.

మొన్న సోమల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన సొంత చెల్లెలు రెడ్డెమ్మ ఆ గుట్ట మీద వంగింది. పాపక్క కర్ర ఎత్తింది గానీ, కొట్టలేక ముఖం అటు తిప్పుకుంది. రెడ్డెమ్మ ఒడి నింపుకుంది. షెడ్డులో కూర్చున్న యజమాని అంతా చూశాడు. మరుసటి పొద్దున ఆయన ఇచ్చిన కర్ర రెడ్డెమ్మ చేతిలో ఉంది.

పాపక్క సంచి పట్టుకొని, తాను కొట్టిన ఆడవాళ్ల మధ్యే గుట్ట మీద వంగింది. రెడ్డెమ్మ షెడ్డు వైపు ఒకసారి చూసి, అక్క భుజం మీద మెల్లగా ఒక దెబ్బ వేసింది. పాపక్క తల ఎత్తకుండానే చెయ్యి ముందుకు చాపింది.

"మణికట్టు మీద ఎయ్యి మే," అంది. "ఆయప్ప సూస్తాండాడు."